బ్రష్ ఆరని వానాకాలం

నాకు నోరు పెద్దది. ఇది నా గొప్ప కాదు, నా అర్హత. బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎప్పుడు బయల్దేరుతుందో, ఏది ఇవాళ్టికి బయల్దేరనే బయల్దేరదో ప్రయాణికులకు చెప్పడం నా ఉద్యోగం. మైకు చెడిపోయినా నాకు సెలవు దొరకదు. "నీకు మైకెందుకయ్యా, కిటికీ తెరిచి కూర్చో చాలు" అంటాడు మా కంట్రోలరు. అక్కడ నా పేరు కూడా మైకే. అంత నోరున్నవాణ్ణి, కిందటి వానాకాలమంతా చెప్పాల్సిన ఒక్క మాట తప్ప మిగతా మాటలన్నీ చెబుతూ గడిపాను.

ఆ ఒక్క మాట గడ్డ.

వానలు మొదలైన కొత్తల్లో, ఒక పొద్దున స్నానం చేస్తూ మెడకు సబ్బు రుద్దుకుంటుంటే ఎడమ దవడ కింద చేతికి తగిలింది. బఠానీ గింజంత ఉంది. నొక్కితే కదల్లేదు. నొప్పి కూడా లేదు. ఆ నొప్పి లేకపోవడమే నన్ను భయపెట్టింది. మా బాబాయికి వచ్చినదానికీ నొప్పి లేదు. సరిగ్గా ఇక్కడే, ఇదే దవడ కింద వచ్చింది. గొంతులో వెలక్కాయ పడ్డవాళ్ళ గురించి విన్నాను. నాకు గొంతు పక్కన బఠానీ పడింది, వెలక్కాయే నయమనిపించింది. గడ్డం కింద గడ్డ! రెండు మాటలకూ తేడా ఒక్క సున్నా. ఈ చమత్కారం నాకు ఆ స్నానాల గదిలోనే తట్టింది. మామూలుగా అయితే తడి ఒంటితోనే బయటికి పరిగెత్తి మా ఆవిడకు వినిపించి తిట్లు తినేవాణ్ణి. ఆ రోజు నిండు చెంబు చేత్తో పట్టుకుని, నీళ్ళు పోసుకోవడం మర్చిపోయి నిలబడ్డాను.

వెనక వరండాలోంచి నాన్న కేక వినపడింది. "ఒరే, వేడినీళ్ళు చల్లారిపోతున్నాయి. గడ్డానికి రా!"

మా ఇంట్లో నా గడ్డం నేను గీసుకోను. నాన్నది సెలూను. పెద్దవాడై కొట్టు మూసేసినప్పుడు తిరిగే కుర్చీని, నిలువుటద్దాన్ని ఇంటికి తెచ్చుకుని వెనక వరండాలో వేసుకున్నాడు. ఉద్యోగానికి వెళ్ళే ముందు నేను ఆ కుర్చీలో కూర్చోవాలి, ఆయన గీయాలి. నా నెత్తి మీద వెంట్రుకలు నెరవడం మొదలైనా సరే, ఆయనకు నేను ఇంకా కుర్చీ మీద అడ్డంగా పలక వేసి కూర్చోబెట్టాల్సిన గిరాకీనే. ఊరివాళ్ళ ముఖాలకు వాడిన బ్రష్షులు ఒక డబ్బాలో ఉంటాయి. ఇంటివాళ్ళ ముఖాలకు మాత్రం మా తాత బ్రష్ ఒక్కటే. నల్లని కొమ్ముతో చేసిన పిడి, బిరుసు వెంట్రుకల కుచ్చు. తాత దానితో నాన్నకు, బాబాయికి నురగ పూశాడు. నాన్న దానితో బాబాయికి, నాకు పూశాడు. పట్టుకునే చోట పిడి అరిగి చిన్న గుంట పడింది.

నాన్న గీసే తీరు ఒకటుంది. కుడిచేతిలోని కత్తికంటే ముందు ఎడమచేతి బొటనవేలు నడుస్తుంది. చర్మాన్ని లాగి పట్టుకోవడానికి అంటాడు. కానీ ఆ వేలు చేసేది అంతకంటే పెద్ద ఉద్యోగం. మొటిమ, పాత గాటు, నిద్ర చాలని దవడ, అబద్ధం చెప్పి వచ్చిన చెంప, అన్నీ దానికి తెలుస్తాయి. బాబాయి గడ్డను అందరికంటే ముందు పట్టుకున్నది ఆ వేలే. నాన్న వేలు ఆగింది, బాబాయి పోయాడు. నా బుర్రలో ఆ రెండూ కలిసి ఒకటే వాక్యం అయిపోయాయి.

వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. నాన్న మెడ చుట్టూ గుడ్డ కట్టి, సబ్బు మీద బ్రష్ తిప్పి నురగ లేపాడు. కుడి చెంప అయింది. గడ్డం చివర అయింది. బ్రష్ ఎడమ దవడ వైపు తిరగగానే నేను తేలు కుట్టినవాడిలా ఎగిరాను. నా మోచెయ్యి నాన్న చేతికి తగిలింది. బ్రష్ గాల్లోకి లేచి బండ మీద పడింది.

కుచ్చు ఒక దిక్కుకు, పిడి ఒక దిక్కుకు. పిడి మీద నిలువునా పగులు.

"ఏమైందిరా?" అన్నాడు నాన్న. అడిగింది నన్నా, బ్రష్షునా అన్నది తెలియలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, నురగలో చెదిరిన వెంట్రుకలను ఒక్కొక్కటిగా ఏరుతున్నాడు. 

పిడి మీద పగులు పడింది గానీ నా మీద పడాల్సిన పిడుగు తప్పింది. ఆ ఊపులో లేచి నిలబడి, ముఖమంతా నురగతో, బస్టాండు గొంతుతో ప్రకటించాను. "నాన్నా! తాత బ్రష్ బాగయ్యేదాకా నా ముఖానికి ఇంకో బ్రష్ తగలడానికి వీల్లేదు. గడ్డం పెంచేస్తా."

ముందు గదిలో కుట్టుమిషను ఆగింది. మా ఆవిడ కుట్టేది బట్టలను, నేను కుట్టేది మనుషులను. "అదేం శపథమండీ?" అంది తలుపులోంచి. "ఆ డబ్బాలో అన్ని బ్రష్షులున్నాయిగా. లేకపోతే చేత్తో పూస్తే సరి."

"చేత్తో పూయడానికి అదేమన్నా గోడా అమ్మా?" అన్నాడు నాన్న. తర్వాత నా వైపు చూశాడు. కళ్ళు తడిశాయి. "వీడికి ఎప్పుడూ వెటకారమే అనుకున్నాను. చూశావా, తాత మీద ఎంత ఉందో!"

ఆయన సంతోషం చూశాక నాకు భయం రెండింతలైంది.

*

గడ్డం పెరిగింది. గడ్డ కూడా పెరిగింది. బఠానీలు, శనగలు, కుంకుడుకాయలు పోసిన డబ్బాలు వంటింట్లో వరసగా ఉంటాయి. వాటి పక్కనుంచి వెళుతూ ఇవాళ ఏ డబ్బా దాకా వచ్చిందా అని దవడ తడుముకునేవాణ్ణి. తడిమితే పెరుగుతుందేమోనని చెయ్యి జేబులో పెట్టుకునేవాణ్ణి. జేబులో చెయ్యి ఊరుకునేది కాదు.

"ఏం మైకూ, సన్యాసమా, సంసారంలో సమ్మెనా?" అని అడిగాడు కంట్రోలరు.

"రెండూ కాదు సార్, సాగుబడి. వానలు బాగా పడుతున్నాయని వేశాను."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వినప్పుడు దవడ కింద చర్మం బిగిసి, అది అక్కడే ఉందని గుర్తు చేసింది. మళ్ళీ మైకు ముందు కూర్చుని, "ప్రయాణికులకు గమనిక" అని మొదలుపెట్టి, ఏం గమనించమనాలో గుర్తురాక గుటక వేశాను. ఆ గుటక స్పీకర్లన్నిటిలోంచి బస్టాండంతా వినపడింది.

ఇంట్లో నాన్న పని మొదలుపెట్టాడు. పిడి తలలో కుచ్చు దిగే గుంతలో గడ్డకట్టిన పాత లక్కను వేడినీళ్ళలో మెత్తబరిచి, సూదితో తవ్వి తీశాడు. పగులులో పడిన సబ్బు మడ్డిని గుండుసూది మొనతో గీకాడు. కుచ్చులో సగం వెంట్రుకలు ఎప్పుడో రాలిపోయాయి. మిగిలినవాటిని గోరువెచ్చటి నీళ్ళలో కడిగి తెల్లగుడ్డ మీద పరిచాడు. కొట్టు డబ్బాలోంచి మంచి బ్రష్ ఒకటి ఏరి దాని కుచ్చు విప్పాడు.

 ఇంత తొందరగానా? "నాన్నా, ఊరివాళ్ళ బ్రష్ వెంట్రుకలు తాత బ్రష్షులో కలుపుతావా? అపచారం కాదూ?" అన్నాను.

"అపచారం లేదు, గ్రహచారం లేదు. నడిమధ్య మీ తాతవి పెడతాను, చుట్టూ కొట్టువి కడతాను."

"సరిగ్గా ఇలాంటివే దొరికేదాకా ఆగుదాం. తొందరేముంది?"

"నీ ముఖం చూసుకున్నావా? తొందర నాకు కాదు, అద్దానికి."

మా ఆవిడ మిషను దగ్గర్నుంచి మైనం పట్టిన దారం తెచ్చిచ్చింది. ఇస్తూ నా వైపు చూసింది. ఆవిడకు జనం మెడలు, భుజాలు చూసి టేపు లేకుండా కొలత చెప్పే అలవాటుంది. నేను ముఖం తిప్పుకున్నాను. కొన్నాళ్ళుగా భోజనం దగ్గర కూడా నా కుడి చెంపనే ఆవిడకు చూపిస్తున్నాను.

"ఏవండీ, యూనిఫారం చొక్కాలకు కాలర్ ఎత్తు పెంచమన్నారు. ఎంత పెంచాలి?"

"మెడ కనబడనంత."

"మెడకేమైంది?"

"మెడకేమవుతుంది? తల మొయ్యలేక చస్తోంది. కాస్త ఆసరా ఇద్దామని."

ఆవిడ నవ్వలేదు. దారం తెంపిన కత్తెరను అలాగే పట్టుకుని ముందు గదిలోకి వెళ్ళిపోయింది. మిషను చప్పుడు మాత్రం చాలాసేపటిదాకా రాలేదు.

*

ధైర్యం చేయలేదని మీరనుకోకండి. ఒకసారి చేశాను. డ్యూటీకి వెళ్ళే దారిలో ఒక క్లినిక్కు ఉంది. వాన జోరుగా ఉంటే తలదాచుకోవడానికన్నట్టు అందులో దూరి, చీటీ తీసుకుని, బెంచీ మీద కూర్చున్నాను. రోగులు కిక్కిరిసి ఉన్నారు. కాంపౌండరు గొంతు ఈగ గొంతు. తలుపు సందులోంచి తల పెట్టి ఏదో నంబరు గొణుగుతున్నాడు. రేకుల మీద వాన మోత. ఎవరికీ ఏమీ వినపడక అందరూ ఒకేసారి లేస్తున్నారు, ఒకేసారి కూర్చుంటున్నారు.

ఎదురుగా గోడ మీద మెడ బొమ్మ ఒకటి ఉంది. చర్మం ఒలిచి, లోపలి నరాలు, గ్రంథులు రంగురంగుల్లో చూపించారు. చూడకూడదనుకున్నాను, చూశాను. నా బఠానీ ఉన్న చోట ఆకుపచ్చ రంగు వేసి ఉంది. 

"ఏం నంబరన్నాడు బాబూ?" అని పక్కనున్న ముసలామె అడిగింది.

నేను లేచాను. అంతే, నా నోరు నా చేతిలో లేదు. కాంపౌండరు నోటి దగ్గర చెవి పెట్టి నంబరు వినడం, బస్టాండు గొంతుతో అరవడం. "దగ్గు ఉన్న పెద్దాయన లోపలికి రావాలి! కాలికి కట్టున్నాయన సిద్ధంగా ఉండాలి! గొడుగులు గుమ్మం బయటే వదలాలి!" జనం వరసలో పడ్డారు. నవ్వులు కూడా మొదలయ్యాయి. కాంపౌండరు స్టూలు మీద కూర్చుని కాళ్ళు ఊపుకుంటున్నాడు. ఒక్కొక్కరూ లోపలికి వెళ్ళి మందు చీటీతో బయటికి వస్తున్నారు, నాకు చెయ్యి ఊపి వెళ్ళిపోతున్నారు.

నా నంబరు వచ్చింది. కాంపౌండరు నా చెవిలో చెప్పాడు. నేను దాని తర్వాతి నంబరు పిలిచాను.

బెంచీలు ఖాళీ అయ్యాక లోపల్నుంచి డాక్టరు తల బయటికి పెట్టాడు. "ఎవరయ్యా ఇందాకట్నుంచి అరిచింది? భలే గొంతు! ఏదీ, ఒకసారి ఇలా రా, చూద్దాం."

మెచ్చుకుంటున్నాడని తెలుసు. అయినా "గొంతు", "చూద్దాం" అన్న రెండు మాటలు పక్కపక్కన వినపడేసరికి నా కాళ్ళు నాకంటే ముందు రోడ్డు మీదికి వెళ్ళిపోయాయి. గొడుగు అక్కడే ఉండిపోయింది.

*

నాన్న కుచ్చు కట్టాడు. రెండు గొట్టాల్లో విడివిడిగా వచ్చే జిగురు కలిపి, పిడి గుంతలో పోసి, కుచ్చు దించి, నిటారుగా నిలబెట్టాడు. పగులు పూడ్చడానికి పిడి అడుగునుంచే కొమ్ము పొడి కాస్త రాల్చి అదే జిగురులో కలిపి మెత్తాడు. గరుకు కాగితంతో రుద్దాడు. రుద్దేకొద్దీ నలుపులోంచి తేనెరంగు చారలు పైకి వచ్చాయి. ఇన్నేళ్ళూ అవి అక్కడున్నాయని మా ఎవరికీ తెలియదు.

ఒక్కో పని పూర్తవుతుంటే నా ఊపిరి ఒక్కో మెట్టు దిగుతోంది. మిగిలింది ఆరడం ఒకటే. పిడి మీద మెరుపు కోసం పూసిన పూత వానతేమకు ఆరడం లేదు. బ్రష్ ఆరాలని వాళ్ళ ఆరాటం, ఆరకూడదని నా పోరాటం. 

"ఇంకో పూత వేద్దాం నాన్నా, మెరుపు చాల్లేదు."

"ఇది గడ్డం బ్రష్షురా, పెళ్ళికూతురు కాదు."

"పోనీ ఆ గుంట పూడ్చేద్దాం. అరిగిపోయి అసహ్యంగా ఉంది. జిగురు పోసి నున్నగా చేస్తే కొత్తదానిలా ఉంటుంది. ఓ వారం పడుతుంది, పట్టనీ."

నాన్న చెయ్యి ఆగింది. "గుంట పూడుస్తావా? ఇది మా నాన్న వేలు పెట్టిన చోటురా. కొత్తదానిలా ఉండేట్టయితే కొత్తదే కొనేవాణ్ణిగా." పిడిని వెలుతురుకు పట్టుకుని చూసి, గొంతు తగ్గించాడు. "నీకు ఇంత పట్టింపు ఉంటుందని నేననుకోలేదు. మీ బాబాయికి కూడా ఇదంటే ప్రాణం. నా చేత ఇంకో బ్రష్ పట్టనిచ్చేవాడు కాదు."

బాబాయి పేరు ఎత్తగానే లేచి పెరట్లోకి వెళ్ళాను. ఏ వేపు చూసినా వానే. నా జీవితంలో మొదటిసారి ఎండ కాయకూడదని కోరుకున్నాను.

కాసింది. 

*

ఆ పొద్దున వరండాలో నీడలు పడ్డాయి. ఎంతో కాలానికి మా ఇంట్లో వస్తువులకు నీడలు కనబడ్డాయి. నాన్న బ్రష్షును వేడినీళ్ళలో ముంచి తీసి, విదిలించి, అరచేతిలో తిప్పి చూశాడు. ఒక్క వెంట్రుక ఊడలేదు. "అమ్మా, ఇటు రా, చూడు!" అని కోడల్ని పిలిచాడు. నన్ను పిలవలేదు. కుర్చీ వైపు చూశాడంతే.

కూర్చున్నాను. తప్పించుకోవడానికి నా దగ్గర మాటలే ఉన్నాయి, అన్నీ వాడాను. గడ్డం ఉంటే బస్టాండులో గౌరవంగా ఉందన్నాను. గీయకుండా కత్తిరిస్తే చాలన్నాను. కుడివైపు గీసి ఎడమవైపు ఉంచేస్తే అదొక ఫ్యాషన్ అన్నాను.

"మాట్లాడకు, దవడ కదులుతోంది" అన్నాడు నాన్న.

ముందు కత్తెరతో గుబురు తగ్గించాడు. తర్వాత నురగ. కొత్తగా కట్టిన కుచ్చు చెంప మీద గుండ్రంగా తిరుగుతుంటే వెచ్చగా, హాయిగానే ఉంది. హాయిగా ఉండటం భరించలేకపోయాను. తోలుపట్టా మీద కత్తి సాన పడుతున్న చప్పుడు. కుడి చెంప మీద బొటనవేలు ముందు, కత్తి వెనక. పై పెదవి. గడ్డం చివర. అద్దంలో నాకు నా కళ్ళు మాత్రమే కనబడుతున్నాయి. అవి ఎవరో తరుముతున్నవాడి కళ్ళలా ఉన్నాయి. 

నాన్న కుర్చీ తిప్పాడు. వేలు ఎడమ చెవి దగ్గర మొదలై, దవడ వెంబడి కిందికి వచ్చింది.

ఆగింది.

నేను కళ్ళు మూసుకున్నాను. వేలు తియ్యలేదు ఆయన. అలా ఉంచి, "పక్కింటివాళ్ళు బట్టలన్నీ ఇవాళే ఆరేసినట్టున్నారు" అన్నాడు.  తర్వాత కత్తి మడిచిన చప్పుడు వినపడింది. గీయని ఎడమ చెంప మీది నురగను తువ్వాలుతో మెల్లగా తుడిచాడు.

"లే."

"సగమే అయింది నాన్నా."

"మిగతాది తర్వాత. చొక్కా వేసుకో. కాలర్ లేనిది." ముందు గది వైపు తిరిగాడు. "అమ్మా, మిషను ఆపు. ముగ్గురం ఆస్పత్రికి వెళుతున్నాం."

మిషను ఆడటమే లేదు. మా ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఉంది, చెప్పులు వేసుకుని. "ఎందుకు మావయ్యా?" అని అడగలేదు.

"నీకు తెలుసా?" అన్నాను.

"కాలర్ ఎత్తు పెంచమన్న రోజే అనుకున్నాను."

"మరి అడగలేదే?"

"అడిగితే నిజం చెప్తారేమోనని" అంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బస్టాండు మీదుగానే వెళ్ళాం. ఒక చెంప నున్నగా, ఒక చెంప గుబురుగా నన్ను చూసి కంట్రోలరు నోరు తెరిచాడు. ఏదో మంచి హాస్యమే తట్టి ఉంటుంది. వెనకాల నాన్న ముఖం చూసి మూసేశాడు. "ఆ ముందు బస్సు ఆపుతాను, ఎక్కండి పెదనాన్నా" అన్నాడు. మైకులో నా బదులు ఎవరో కొత్తవాడు మా బస్సు పేరు తప్పుగా పలికాడు. నేను సరిదిద్దలేదు.

పెద్ద డాక్టరు నొక్కి చూసి, ముక్క తీసి పరీక్షకు పంపాలన్నాడు. నా నోట్లోంచి మాత్రం ఒక్క ముక్క రాలేదు.

ఫలితం వచ్చేదాకా నాన్న మిగతా సగం గీయలేదు, నన్ను గీసుకోనివ్వలేదు. అలాగే డ్యూటీకి వెళ్ళాను. అడిగినవాళ్ళందరికీ కుడివైపు ఎక్స్‌ప్రెస్, ఎడమవైపు ప్యాసింజర్ అని చెప్పాను.  ముగ్గురం వంటింట్లోనే కూర్చునేవాళ్ళం, మిగతా గదుల్లో ఏదో ఉన్నట్టు. మా ఆవిడ ఒకే జాకెట్టు చేతిని కుట్టి, విప్పి, కుట్టేది. ఫోను మోగితే ముగ్గురం దాని వైపు చూసేవాళ్ళం, ఎవరూ తీసేవాళ్ళం కాదు.

ఈ కథ చెబుతున్నది నేనే కాబట్టి నేను పోలేదని మీకు తెలిసిపోయింది. మిగతాది కూడా చెప్పేస్తాను. అది చెడ్డదే. అయితే తానున్న గది దాటి పక్క గదిలోకి ఇంకా తొంగిచూడలేదన్నాడు డాక్టరు. కోసి తీశారు. దాని పక్కనుంచి వెళ్ళే నరం ఒకటి కాస్త దెబ్బతిని, నా పెదవి ఎడమ మూల కొద్దిగా కిందికి జారింది. ఇప్పుడు నేను పూర్తిగా నవ్వినా సగమే కనబడుతుంది. 'ప', 'బ', 'మ' పలకడం కష్టమై, కొన్ని ఊళ్ళ పేర్లు మైకులో చెప్పాలంటే ముందు ఊపిరి కూడదీసుకోవాలి. ఇవన్నీ తర్వాతి సంగతులు. నేను చెప్పాలనుకున్నది ఆపరేషన్ నాటి పొద్దుటి సంగతి.

వార్డులో నన్ను పచ్చ చొక్కాలోకి మార్చారు. ఆస్పత్రి మనిషి ఒకతను ట్రేలో ప్లాస్టిక్ రేజరు పెట్టుకుని వచ్చాడు. మెడ, దవడ నున్నగా చేయాలన్నాడు.

నాన్న లేచాడు. సంచిలోంచి తువ్వాలు, సబ్బు గిన్నె, తాత బ్రష్, కత్తి తీసి మంచం మీద వరసగా పెట్టాడు.

"పెద్దాయనా, ఇక్కడ అలా కుదరదు."

"వీడి గడ్డం ఇంతవరకూ ఇంకొకళ్ళు గీయలేదు బాబూ."

అతను నర్సు వైపు చూశాడు. నర్సు గడియారం వైపు చూసింది. "కానివ్వండి, ఎలాగూ మేం మళ్ళీ మందుతో కడుగుతాం. ఆ కత్తి మాత్రం వద్దు. ఈ రేజరు వాడండి."

నాన్న ప్లాస్టిక్ రేజరును అటూ ఇటూ తిప్పి చూశాడు. మామూలప్పుడైతే దాని వంశమంతటినీ తిట్టేవాడు. ఏమీ అనకుండా నురగ లేపాడు. మా ఆవిడ గిన్నె పట్టుకుంది. గిన్నెలో నీళ్ళు కదులుతున్నాయి.

బొటనవేలు ముందు, రేజరు వెనక. గడ్డ దగ్గరికి వచ్చినప్పుడు వేలు ఆగలేదు. దాని చుట్టూ తిరిగి వెళ్ళింది. నా భుజం మీదికి వంగి, నాకు మాత్రమే వినపడేట్టు నాన్న అన్నాడు.

"మీ బాబాయికి నేను చెప్పలేదురా."

"ఏంటి నాన్నా?"

"వేలికి తగిలింది. చెప్పలేదు. భయమేసింది. ఏమీ కాదులే, వానలు తగ్గాక చెబుదాంలే అనుకున్నాను. వాడు నవ్వుతూ వచ్చి కూర్చునేవాడు. నేను గీసేవాణ్ణి. అది పెరుగుతుంటే దాని చుట్టూ గీస్తూనే ఉన్నాను."

"మరి నువ్వే పట్టుకున్నావని అందరూ..."

"పట్టుకున్నాను. పట్టుకుని ఊరుకున్నాను." దవడ కిందనుంచి గొంతు దాకా ఒక్క గీతలో గీశాడు. "కదలకు."

 ఆయన చెయ్యి పట్టుకుందామనుకున్నాను. చేతిలో రేజరుంది. తువ్వాలు కొస పట్టుకున్నాను.

స్ట్రెచరు వచ్చింది. పడుకోబెట్టారు. చక్రాలు కదిలాక పైకప్పు దీపాలు ఒకటొకటిగా వెనక్కి పోవడం మొదలుపెట్టాయి. అప్పుడు నాకు నిజంగా భయమేసింది. అంతవరకూ పడ్డ భయాలన్నీ దాని ముందు మాటలే. ఒక పక్కన మా ఆవిడ నడుస్తోంది, నా మణికట్టు వదలకుండా. రెండో పక్కన నాన్న. నురగ కడిగే తీరిక లేక బ్రష్షును అలాగే చొక్కా జేబులో పెట్టుకున్నాడు. జేబు కింద తడి మరక పాకుతోంది.

పెద్ద తలుపుల దగ్గర వాళ్ళిద్దరినీ ఆపేశారు. ఏదో ఒకటి అనకుండా లోపలికి వెళ్ళలేననిపించింది. 

"తడి బ్రష్ జేబులో పెట్టుకున్నావు నాన్నా. మళ్ళీ పాడవుతుంది."

నాన్న జేబు వైపు చూడలేదు.

"పాడైతే మళ్ళీ బాగుచేస్తాను" అన్నాడు. "నువ్వు వెళ్ళి రా."